సహాయ కేంద్రానికి గృహప్రవేశం

సంకల్పం, శంకుస్థాపన, శిలాఫలకం: ఈ మూడూ కుదిరితే ఎంతటి మహాకార్యమైనా సిద్ధించినట్లే! నాలుగవది కూడా ఒకటి ఉన్నదనీ, దానిని పని అంటారనీ మా తాతగారు చెప్పేవారు. ఆయన ఏ విశ్వవిద్యాలయంలోనూ చదవలేదు గనుక ఆ పొరపాటును మనం క్షమించాలి.

గనులు మూతపడిన తరువాత మా కోలారు బంగారు గనుల ఊరికి మిగిలినవి రెండు. ఒకటి బంగారం తీసేయగా మిగిలిన సైనైడు మట్టి దిబ్బ, రెండవది దాని పక్కన వెలసిన సువర్ణశిఖర విశ్వవిద్యాలయం. గాలి వీస్తే దిబ్బ దుమ్ము విశ్వవిద్యాలయంలో పడుతుంది. తీర్మానాలు వీస్తే విశ్వవిద్యాలయం దుమ్ము మా కళ్ళలో పడుతుంది. నేను ఇక్కడి పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకున్నవాణ్ణి. నిత్యం పారాయణ చేసుకుంటాను గనుక వారి ప్రతి సంఘంలోనూ నాకు ‘సంప్రదాయ సభ్యుడు’ అనే కుర్చీ వేస్తారు. కొబ్బరికాయ సరిగ్గా పగలడం నా శాఖ.

ఆ విధంగానే ‘ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల సహాయ కేంద్రం’ సంఘంలోనూ కూర్చున్నాను. ఆ సంఘంలో అందరూ ఉన్నారు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు తప్ప. వారిని చేర్చుకుంటే నిష్పాక్షికత చెడుతుందని రిజిస్ట్రారు మునిశంకర్‌గారి అభిప్రాయం.

విశ్వవిద్యాలయానికి తెలిసినంతలో అటువంటి విద్యార్థిని ఒక్కతే, నయన. బేతమంగళ పిల్ల, రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ. పుట్టినప్పుడు కొడుకని పేరు పెట్టినారు. పెరిగినాక, తాను కూతురినని ఆమే చెప్పింది. తల్లి చిన్నవెంకటమ్మ ఆవు పొదుగు మీది చెయ్యి తీయకుండానే, “సరే, ఇంగ చెవులు కుట్టించల్ల” అన్నదట. ఆ ఇంట్లో ఆ విషయంపై జరిగిన సంఘ సమావేశం అంతటితో ముగిసింది.

నయన కష్టం చిన్నది. ప్రాక్టికల్స్ ముగిసేసరికి బేతమంగళ బస్సు వెళ్ళిపోతుంది. బస్సు కోసం ముందుగా లేస్తే ప్రాక్టికల్స్ తప్పుతాయి. అవి తప్పితే పరీక్షకు కూర్చోనివ్వరు. కాబట్టి ఆమెకు కావలసింది ఆవరణలో లోపలి గడియ ఉన్న ఒక గది. ఇంత చిన్న కష్టాన్ని మా సంఘం పరిశీలించడం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది!

మగపిల్లల హాస్టల్ ఆమెను ఆడపిల్లల హాస్టల్‌కు పంపింది. అక్కడి వార్డెను ఆదిలక్ష్మమ్మగారు మిక్కిలి భక్తురాలు. కట్టబోయే సహాయ కేంద్రం గోడకని రిజిస్ట్రారుగారు కోలారులో నిలువెత్తు అర్ధనారీశ్వరుని పటం రాయించి తెప్పించినప్పుడు, అందరికంటే ముందు చెంపలు వేసుకున్నది ఆమె.

“ఎంత కళ ఉండాదప్పా మొగంలో! సగము సామి, సగము తల్లి!” అని కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడే వచ్చిన నయన, “అమ్మా, నాకు హాస్టల్లో రూము...” అన్నది.

ఆదిలక్ష్మమ్మగారి కళ్ళు తక్షణమే ఆరిపోయినవి. “చూడమ్మా, మాది మర్యాదైన హాస్టలు. అట్ల సగమూ సగమూ ఉండేటోళ్ళకు ఆడ చోటు లేదు.”

“సామికైతే గోడంతా ఇచ్చినారు కదమ్మా?”

“సామి బాత్రూముకు పోడు!” అన్నారు వార్డెనుగారు. ఈ శాస్త్రార్థానికి ప్రతివాదం నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు.

ఇంతలో పైనుంచి తనిఖీ బృందం వస్తున్నదని తాఖీదు వచ్చింది. రెండేళ్ళు కదలని సంఘం రెండు వారాల్లో సహాయ కేంద్రం పేరిట ఒక గది కట్టించింది! మంచం, పరుపు, బల్ల, అద్దం, స్నానాలగది, లోపలి గడియ. శిలాఫలకం మీద ఉపకులపతిగారి పేరు బంగారు రంగులో మెరిసింది.

నయన పరుగున వచ్చింది. “సార్, బీగంచెవి ఎవరి దగ్గర ఉండాది?”

“నా దగ్గరే భద్రంగా ఉండాదప్పా... కాదు, ఉండాదమ్మా... అంటే, ఉండాది విద్యార్థీ,” అన్నారు మునిశంకర్‌గారు. “తనిఖీ రోజు తెరుస్తాము. మళ్ళా వేసేస్తాము.”

“మరి నేను ఉండేది యాడ సార్? ఇది నాకోసరమే కదా కట్టించినారు?”

“ఛ! నీ కోసరం కాదు, మీ వర్గం కోసరం. మనిషి ఉంటే దుప్పటి నలుగుతుంది. దుప్పటి నలిగితే మీ వర్గానికి అన్యాయం చేసినట్ల కాదా? కొంచెం విశాలంగా ఆలోచించల్ల!”

“విశాలంగా ఆలోచించే లోపల బస్సు పోతాది సార్,” అని ఆమె నిజంగానే బస్సుకు పరుగెత్తింది. ఆ సాయంత్రం మళ్ళీ ఒక ప్రాక్టికల్ తప్పింది. ఇంకొకటి తప్పితే పరీక్ష లేదని శాఖవారు చెప్పినారట.

ఉపకులపతిగారికి విద్య మీద ఎంత గౌరవమో వాస్తు మీద అంతకు మించిన భయం. కిందటి తనిఖీలో తక్కువ శ్రేణి రావడానికి కారణం పాఠాలు కాదనీ, ఈశాన్యపు మెట్లనీ ఆయన నిర్ణయం. నన్ను పిలిపించి, “అయ్యవారూ, ఈసారి ఏ దోషమూ ఉండకూడదు. గృహప్రవేశం శాస్త్రోక్తంగా జరగాలి. ఒక్క అంగమూ విడిచిపెట్టవద్దు!” అని ఆజ్ఞాపించారు. ఒక్క అంగమూ విడిచిపెట్టవద్దని నాతో ఎవరైనా అనడం అదే మొదలు. నా జన్మ తరించింది.

శుభముహూర్తాన గోవు ముందు నడిచింది. అది చిన్నవెంకటమ్మగారి ఆవే. విశ్వవిద్యాలయంలో దొరికిన వాహనాలేవీ ఆ పనికి చెల్లవు. దీపం వెలిగించాము. పొయ్యి మీద పాలు పెట్టవలసి వచ్చింది.

“వార్డెనుగారూ, రండి,” అన్నారు ఉపకులపతిగారు.

ఆదిలక్ష్మమ్మగారు నాలుగడుగులు వెనక్కు వేశారు. “అయ్యో, నేనా! ఈ ఇంట్లో నేను పాలు పొంగిస్తే జనం నన్ను ఏమనుకుంటారు సార్?”

“ఎవరి ఇల్లో వారే పొంగించాలి. సంప్రదాయం,” అన్నాను.

అందరి చూపులూ నయన వైపు తిరిగినవి. ఆమె చెంగు నడుముకు దోపి, తల్లి పితికి తెచ్చిన పాలు గిన్నెలో పోసింది. పాలు తూర్పుకు పొంగినవి. తల్లి కన్నులు ఏ దిక్కుకు పొంగినవో నేను చూడలేదు; నా కళ్ళజోడు మసకబారింది.

ప్రసాదం తిని, చేయి కడుక్కుని, రిజిస్ట్రారుగారు జేబులోనుంచి తాళం తీశారు. “ఇంగ అందరూ బయటికి రాండప్పా. వేసేద్దాము.”

“వేయరాదు,” అన్నాను. “పాలు పొంగించినవారు ఈ రాత్రి ఇక్కడే నిద్ర చేయాలి. మూడు నిద్రలు. మా ఊళ్ళలో కూలివాడి గుడిసెకైనా ఇది తప్పదు.”

“అదంతా పల్లెటూరి మాట అయ్యవారూ! సుమ్నే ఉండండి,” అన్నారాయన, నన్ను ఊరుకోమనడానికి కన్నడం కలిపి.

“చిత్తం. అయితే వెలిగించిన దీపాన్ని వదిలి, ఇంటిని పాడుపెడితే యజమానికి అరిష్టమని పెద్దలమాట. అంగాలన్నీ అడిగారు గనుక మనవి చేస్తున్నాను.”

ఉపకులపతిగారి చేతిలోని లడ్డు ఆగింది. “యజమాని అంటే... ఎవరు?”

“శిలాఫలకం మీద ఎవరి పేరుంటే వారు.”

ఆయన శిలాఫలకం వైపు చూశారు. బంగారు రంగు పేరు అంతకంతకూ మెరుస్తూ ఉన్నది.

“మునిశంకర్! ఆ తాళంచెవి నయనమ్మకు ఇవ్వండి!”

“మూడు రోజులకా సార్?”

“దీపం ఆరకూడదయ్యా! మూడేమిటి, ముప్పయ్యేమిటి! నాకు రిటైర్మెంటు ఇంకా దూరముంది!”

ఓడినవాడు తన తనిఖీ వ్రతానికి భంగం రాకుండా ఏదో ఒకటి చేయాలి గదా! రిజిస్ట్రారుగారు తలుపు మీద పెద్ద బోర్డు కొట్టించారు, తనిఖీవారికి కారులోనుంచే కనిపించేటట్లు: ‘ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు మాత్రమే. ఇతరులకు ప్రవేశం ఖచ్చితంగా నిషిద్ధం.’

తనిఖీనాడు పొద్దున ఆయన అక్కడికి పోయి చూస్తే, కిటికీకి కట్టిన తీగె మీద తువ్వాలు, బల్ల మీద పుస్తకాలు, లోపల మరమరాల ఉగ్గాణి తాలింపు వాసన! దుప్పటి నలిగింది!

“ఖాళీ చెయ్యి! వాళ్ళు వచ్చేస్తా ఉండారు! ఒక్క దినం, ఒక్క దినం బయట ఉండు!” అని కాలు ఎత్తి గడప దాటబోయారు.

లోపలినుంచి నయన, “సార్, బోర్డు చూసినారా?” అన్నది.

ఎత్తిన కాలు ఎత్తినట్లే ఉన్నది. ఆ భంగిమలో ఆయనకు తనిఖీ బృందం దర్శనమైంది.

బృందానికి పెద్దగా వచ్చినావిడ, “కేంద్రం నడుస్తున్నదా?” అని అడిగింది.

రిజిస్ట్రారుగారి కాలు దిగింది, నాలుక లేచింది. “పరుగెత్తుతా ఉండాది మేడమ్! విద్యార్థి ఇక్కడే ఉండల్ల, వండుకోవల్ల, చదువుకోవల్ల! ఖాళీ గది చూపించేది మాకు అసహ్యం మేడమ్!”

“రాండి మేడమ్, మీరు నా చుట్టాలు,” అని నయన ఆవిడను లోపలికి పిలిచి ఉగ్గాణి పెట్టింది. రిజిస్ట్రారుగారిని ఎవరూ పిలవలేదు.

“ఇదంతా ఎవరి వల్ల సాధ్యమైందమ్మా?” అని అడిగింది ఆవిడ, తింటూ.

గడప అవతల మునిశంకర్‌గారు తమవైపే వేలు చూపుకున్నారు. నయన దీపంలో నూనె పోస్తూ, “దీపం వల్ల మేడమ్,” అన్నది. “ఇది ఆరిపోతే వీసీ సార్‌కు మంచిది కాదంట. అందుకని నన్ను ఉండనిచ్చినారు.”

ఆవిడ నవ్వు ఆపుకోలేక నీళ్ళు అడిగింది. శ్రేణి మాత్రం పెంచింది. నయన పరీక్షకు కూర్చున్నది.

తరువాత విశ్వవిద్యాలయానికి ‘కరుణా పురస్కారం’ వచ్చింది. శాలువ కప్పుకొని, చేతిలో ఇత్తడి ఫలకంతో, మనిషిని మనిషిగా చూడడం తమ రక్తంలోనే ఉన్నదని మునిశంకర్‌గారు ఉపన్యసించారు. ఆదిలక్ష్మమ్మగారు మళ్ళీ కళ్ళు తుడుచుకున్నారు. సభ నుంచి నేరుగా ఊరేగింపుగా కేంద్రానికి వచ్చి, ఆయన తలుపు తట్టారు.

“నయనమ్మా! అవార్డు లోపల, సామి పటం పక్కన తగిలిస్తాము. కొంచెం తలుపు తియ్యి తల్లీ!”

“చదువుకుంటా ఉండాను సార్,” అన్నది లోపలి గొంతు. “బయటే మేకు కొట్టుకోండి. మెల్లగా కొట్టండి, దీపం అదురుతాది.”