లార్క్ కాటేజీ మేషనిష్కాసన గాథ

తోట గేటు గొళ్లెము పోయిన దినమది. యార్క్‌షైర్ మూరు బయళ్లపై హెదర్ పొదలు విరగబూసి, గిరిసానువులన్నియు ఊదారంగు పట్టుశాలువలు కప్పుకొన్న ఆగస్టు మాసాంతమున, శనివారమున, ఉదయమొక జంట వెడలి సాయంకాలమింకొక జంట రావలసియున్న సంధికాలమున, స్కార్‌డేల్ గ్రామమున వారమునకొక అతిథుల జంటకు అద్దెకిచ్చు లార్క్ కాటేజీకి ఏకైక ద్వారపాలకుడై, ఎన్నెన్నో వర్షర్తువులకోర్చి తుప్పుపట్టిన ఆ గొళ్లెము ఊడి గడ్డిలో పడి కానరాదయ్యెను. ద్వారము గాలికి తెరచుకొనెను. తెరచిన ద్వారమున శత్రువు ప్రవేశించెను.

ఎవరా శత్రువు? ఊర్ణాకవచధారిణి, శ్యామవదన, కుండలిత శృంగద్వయ విరాజిత, గొర్రెలకాపు హార్కర్ మందనుండి విడివడిన ఒక గొర్రె. అది కుడియెడమల చూడక నేరుగా గోడవారనున్న స్వీట్‌పీ పూలతీగల యొద్దకేగి నోరు తెరచెను.

ఆ తీగల గింజలు మ్యూరియల్ నాటింది. ఫిబ్రవరిలో నాటింది, మే నెలలో పోయింది. కాటేజీకి వచ్చే ప్రతి జంటకూ బల్ల మీద ఆ పూల జగ్గు ఉండాలన్నది ఆమె పెట్టిన నియమం.

అత్తరి, పక్కింటి వంటగదియందు అతిథుల ఫ్రూట్ కేకు సరసన వెన్స్‌లీడేల్ జున్నుముక్క నమర్చుచున్న ఆమె భర్త, చక్రచోదక శిఖామణి, మంచుకును మడుగుకును వెరవక జీవితకాలమెల్ల పల్లెబస్సు నడపిన ఎర్నెస్ట్ గార్బట్, కిటికీనుండి ఆ విధ్వంసము కాంచి, పాత్రలు తుడుచు గుడ్డయే పతాకముగా వీధిలోనికి దూకెను.

“ఓసీ దుర్వినీతా! అనంతమగు మూరు బయలెల్ల నీకు భోజనశాలయై యుండ, నా యింటి సుకుమార లతలపైననా నీ దంతపంక్తిని ప్రయోగింతువు? నిలు నిలుము! నేడు నీవో, నేనో!” అని హృదయమున గర్జించి, పైకి మాత్రము “పోవే! పో! హుష్!” అనెను.

అనుచు తోటలోనికురికి, ఊరిలోని ప్రతి బిడ్డయు నడక నేర్చిననాడే నేర్చు ధర్మము చొప్పున, వెనుదిరిగి గేటు మూసి, తాడుతో బిగించి కట్టెను. ఇట్లు శత్రువును కోటలో బంధించి, దానిని వెడలగొట్టుటకు సిద్ధమయ్యెను.

ఇక ఘోరసమరము. దండెములపై ఆరవేసిన దుప్పట్లు శిబిరములవలె రెపరెపలాడుచుండ, గొర్రె ఒక శిబిరమున దూరి వేరొక శిబిరమున తేలెను. వీరుడు గుడ్డ విసరుచు దానిని గేటువరకు తరుమగా, అచట దారి లేకుండుట గాంచి అది వెనుదిరిగి, పోవుచు పోవుచు ఇంకొక తీగ కబళించెను. అప్పుడాతనికి జ్ఞానోదయమై గేటు బార్లా తెరచెను. కాని మరలివచ్చునంతలో తడిదుప్పటి యొకటి జారి ఆతని నాపాదమస్తకము ఆవరించెను.

పాలసీసాతో అటుగా పోవుచున్న పొరుగింటి నెల్లీ డౌసన్ ఆగి చూసింది.

“ఏంటి ఎర్నెస్ట్, దయ్యం వేషం ప్రాక్టీసా? అతిథులు పారిపోతారయ్యా!”

“నెల్లీ! గేటు...”

“వేశాలే. అది కూడా నాకు చెప్పాలా? రెండు ముళ్లు వేశా.”

“అయ్యో, తెరిచి ఉంచమంటున్నా!”

“గొర్రె తిరుగుతుంటే గేటు తెరిచి ఉంచుతారా ఎవరైనా? వడదెబ్బ తగిలిందా అంటే, మన ఊళ్లో అంత ఎండ కూడా లేదే!”

“గొర్రె లోపలుంది నెల్లీ. బయటికి పోవాలి.”

నెల్లీ గొర్రెను చూసింది, గేటును చూసింది. “అవును సుమా,” అంది. ముళ్లు విప్పుతూ, “మ్యూరియల్ ఉంటే దీన్ని కొమ్ము పట్టుకుని ఈడ్చి పారేసేది,” అంది.

“ఉంటే కదా,” అన్నాడు ఎర్నెస్ట్.

ఇరువురును చెరొకవైపు మోహరించి, బాహువులు చాచి, గొర్రెను మరల ద్వారాభిముఖముగా నడపుచుండ, విజయలక్ష్మి వరమాల చేబూనియున్న ఆ క్షణమున, కారొకటి వచ్చి ఆగెను. దానినుండి దిగిన అతిథియగు నవయువకుడు ఒక్క గెంతున గేటు దాటి, ఎవరును కోరకయే దానిని మూసెను.

“మీ గేటు తెరిచి ఉందండీ! నేను చూశా కాబట్టి సరిపోయింది. మాదీ గొర్రెల ఊరే!”

“గొర్రెల ఊరే. అందుకే ఈ తెలివి,” అంది వెనకనుంచి అతని భార్య ఫెయిత్. “జోనస్, కాస్త కళ్లు పెట్టి చూడు. వాళ్లు తోలుతున్నది ఏమిటి? ఎటు?”

జోనస్ ముఖమెర్రనయ్యెను. గొర్రె ముచ్చటగా మూడవ విడత భోజనమునకు మరలెను.

విఫలమనోరథుడై ఎర్నెస్ట్, కనీసము దుప్పటినైన దక్కించుకొందమని నేలపైనున్న బట్టల క్లిప్పుల డబ్బా అందుకొనెను. డబ్బా గలగలలాడెను. గొర్రె నమలుట మానెను. చలికాలమున హార్కర్ బకెట్టులో దాణా గలగలలాడించి మందను పిలుచుట దానికెరుకయే. ఎర్నెస్ట్ మరల ఆడించెను. గొర్రె ఒక అడుగు వేసెను.

“రా తల్లీ,” అన్నాడు ఎర్నెస్ట్. “రా, రా.”

జోనస్ గేటు తెరచి, ఊపిరి బిగబట్టి నిలిచెను. డబ్బాధారి ముందు, శృంగధారిణి వెనుక, విజయయాత్రవలె వీధిలోనికి సాగిరి. సాగి, చిరకాలాభ్యాసవశమున, ఎర్నెస్ట్ వెనుదిరిగి గేటు మూసెను.

ఈసారి గొర్రె బయట ఉండెను.

మ్రోగుడీ శంఖములారా! కురియుడీ పుష్పవర్షములారా! స్కార్‌డేల్ వీధిలో, ఒక మూరెడు తోటకై జరిగిన మహాసంగ్రామమున, ఎర్నెస్ట్ గార్బట్ ఒక చిన్న జగ్గునకు చాలినన్ని పూలను గెలిచెను! ఓడిన శత్రువు డబ్బానుండి జారిన క్లిప్పొకటి నమిలి చూసి, రుచింపక, కొండదారి పట్టెను.

ఎర్నెస్ట్ కత్తెర తెచ్చి గోడ దగ్గర వంగాడు. నెల్లీ పక్కన నిలబడింది.

“అన్నీ కోసేస్తే గింజ కట్టదు. వచ్చే ఏటికి కొన్ని తీగ మీదే వదిలెయ్యి.”

“జంట వచ్చేసింది నెల్లీ. జగ్గు పెట్టాలి.”

“పెట్టు, ఎవరొద్దన్నారు? వచ్చే శనివారం ఇంకో జంట వస్తుంది. ఆపై వారం ఇంకోటి. మరి ఎప్పుడు వదులుతావు?”

జగ్గు బల్ల మీదికి వెళ్లింది. ఫెయిత్ వంగి వాసన చూసి, ఎవరు పెంచారని అడిగింది. మా ఆవిడ, అన్నాడాయన.

గింజకు ఏ తీగ వదలాలో ఎర్నెస్ట్ ఇంకా తేల్చుకోలేదు.