బంగారు చెవిగారి ఆంప్లిఫయర్

"మనిషిని పశువు నుంచి వేరుచేసేది మాట కాదు, బుద్ధి కాదు. టోన్!"

ఈ మహావాక్యాన్ని పళ్ళ డాక్టరుగారు గిటారు ధ్వని రసజ్ఞుల సంఘం అధ్యక్షస్థానం నుంచి ప్రకటించారు. చప్పట్లు మార్మోగాయి. మార్మోగాయంటే, ముగ్గురూ కొట్టారు. సంఘంలో డాక్టరుగారు కాక ఉన్నది ముగ్గురే మరి! బీమా కంపెనీలో మేనేజరైన కార్యదర్శి, బ్యాంకులో రిటైరైన కోశాధికారి, కాలేజీలో భూగోళం చెప్పే లెక్చరరు. నలుగురిలో ఏ ఒక్కరికీ గిటారు వాయించడం రాదు. రాకూడదు కూడా. వాయించేవాడికి వాయిద్యం మీద మమకారం ఉంటుంది, మమకారం ఉన్నచోట నిష్పక్షపాతం ఉండదు అని నియమావళిలోనే రాసుకున్నారు.

వీరి ప్రత్యేక కృషి అంతా హెవీ మెటల్ అనే మోత సంగీతం మీద. అదే ఎందుకంటే, మిగతా సంగీతాలన్నిటికీ ఊళ్ళో అప్పటికే సంఘాలున్నాయి. వాటిలో పదవులేవీ ఖాళీ లేవు!

డాక్టరుగారికి "బంగారు చెవి" అని బిరుదు. అది ఉత్తినే రాలేదు. ఒకసారి ఏదో కచేరీలో జనమంతా లేచి చప్పట్లు కొడుతుంటే ఆయన ఒక్కరూ కళ్ళు మూసుకుని కూచుని, "ప్చ్, మధ్యస్థాయి పలచబడింది" అన్నారు. పక్కనున్న కార్యదర్శి చప్పట్లు కొడుతున్న చేతుల్ని మధ్యలోనే ఆపేసి, "నేనూ అదే అనుకుంటున్నాను" అన్నాడు. సంఘం పుట్టింది ఆ క్షణానే.

అసలు సంగతేమిటంటే, బంగారు చెవికి సరిగ్గా వినపడదు. ఏళ్ళ తరబడి పళ్ళు తొలిచే ఆ గిర్రుమనే యంత్రాన్ని చెంప పక్కనే పెట్టుకున్న మనిషి! సన్నటి శబ్దాలు ఎప్పుడో సెలవు తీసుకున్నాయి, మిగిలినవి వంతులవారీగా వచ్చిపోతున్నాయి. పేషెంటు "అబ్బా" అంటే ఆయనకు కళ్ళను బట్టి తెలుస్తుంది. ఎదుటివాడి పెదాలు చూసి మాట, ముఖం చూసి అభిప్రాయం పట్టేయడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య అయిపోయింది.

"చెవి డాక్టరుకి చూపించుకోండి. ఫోను మోగితే మోగుతోందని నేను సైగ చేయాల్సి వస్తోంది" అని భార్య రోజూ పోరేది.

"బంగారు చెవికి మిషను పెడతారా? నలుగురూ నవ్వరూ?"

"నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతున్నారు. దానికెవరూ నవ్వట్లేదు లెండి, నేనే ఏడుస్తున్నాను."

డాక్టరుగారికీ లోలోపల భయమే. ఉన్న ఆ కాస్తా ఒకరోజు పూర్తిగా పోతే? పోతే పోయింది, ఆ సంగతి సంఘానికి తెలిస్తే? పదవి మాట అటుంచి, ఆదివారం సాయంత్రం పోయి కూచోడానికి చోటుండదు. ఆ మూడు తలకాయలూ తన తలకాయతోపాటు ఊగడం ఆయనకు ప్రాణం. లేదని అబద్ధమాడటం దేనికి!

ఇలా ఉండగా ఆయన మేనకోడలికి ఒక కష్టం వచ్చింది. ఆ పిల్ల పగలు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తుంది, సాయంత్రం ఒక మెటల్ బృందంలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తుంది. నిజంగానే వాయిస్తుంది. బృందాల పోటీ దగ్గరపడ్డ వేళ ఆమె ఆంప్లిఫయర్ గుప్పున పొగ వదిలి కన్నుమూసింది. మావయ్యతో చెప్పుకుంది. మావయ్య ఆ సంగతి సంఘంలో పెట్టారు. చర్చోపచర్చల మీదట, సంఘమే గిటారు శబ్దాన్ని గర్జనగా మార్చే ఒక హై గెయిన్ ఆంప్లిఫయర్ కొని బృందానికి వాడుకోడానికి ఇచ్చేట్టూ, ఏది కొనాలో మాత్రం సంఘమే చెవులారా విని నిర్ణయించేట్టూ తీర్మానమైంది.

"మావయ్యా, మీరేదంటే అదే. కానీ కాస్త గట్టిగా పలికేది చూడండి. డ్రమ్ముల మధ్య నేను వినపడాలి కదా" అంది మేనకోడలు.

వినపడాలి! డాక్టరుగారి గుండె గతుక్కుమంది.

వాయిద్యాల కొట్లో నలుగురికీ నాలుగు కుర్చీలు వేశారు. మొదట ఒక చిన్న నల్లపెట్టె తెచ్చారు. మేనకోడలు గిటారు తగిలించి, అరచేతి అంచుతో తీగల్ని నొక్కిపెట్టి దడదడలాడించింది. డాక్టరుగారు పెట్టె వైపు చూడలేదు. మేనకోడలి కనుబొమల వైపు చూశారు. అవి ముడిపడ్డాయి.

"గొంతు నొక్కినట్టుంది" అని తీర్పు చెప్పారు.

"నా నోట్లో మాట లాక్కున్నారు!" అన్నాడు కార్యదర్శి.

"మేఘాలున్నాయి గానీ వర్షపాతం లేదు" అన్నాడు లెక్చరరు.

"ఆమోదిస్తున్నాను" అన్నాడు కోశాధికారి. ఆయన ఏ సమావేశంలోనైనా అదే అనేవాడు. ఎక్కడా ఇబ్బంది రాలేదు.

రెండోది కంప్యూటర్ రకం. మీట తిప్పితే వంద ఆంప్లిఫయర్లలా పలుకుతుందట. మేనకోడలు వాయించి, ఒక పక్కకి పెదవి విరిచింది. "వందమందిని అనుకరిస్తోంది, సొంత మాట ఒక్కటీ లేదు" అన్నారు డాక్టరుగారు. ముగ్గురూ ముగ్ధులైపోయారు. కొట్టాయన కూడా ఒక దండం పెట్టాడు.

మూడోదాన్ని ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. లోపల పాతకాలం రేడియోల్లో ఉండేలాంటి గాజు వాల్వులు. కింద స్పీకర్ల బీరువా కోశాధికారి ఎత్తు ఉంది. మేనకోడలి కళ్ళు ప్రమిదల్లా కాదు, ఏకంగా వీధి దీపాల్లా వెలిగాయి. ఆమెకు కావలసింది ఇదేనని డాక్టరుగారికి అర్థమైపోయింది.

"ఇది మామూలు మోత కాదండీ, చెవులు జాగ్రత్త!" అంటూ కొట్టాయన అందరికీ స్పాంజి బిరడాలు పంచాడు. నలుగురూ చెవుల్లో దూర్చుకున్నారు. మేనకోడలు తన బిరడాల్ని ఇంకా జేబులోనే ఉంచుకుంది. కొట్టాయన ఒక మీట నొక్కాడు, ఎర్రదీపం వెలిగింది. అప్పుడు గుర్తొచ్చి, "వాల్వులు వేడెక్కాలి, స్టాండ్‌బైలో పెట్టాను. కాసేపు ఇది పలకదు, నేనొచ్చి రెండో మీట వేస్తాను" అని చెప్పి ఎవరో పిలిస్తే ముందు గదిలోకి వెళ్ళాడు. ఆ మాట విన్నది మేనకోడలు ఒక్కతే.

ఈలోగా వేళ్ళు ఊరికే ఉంచుకోవడం దేనికని ఆమె, ఆంప్లిఫయర్ పలకనిదే తానూ పలకని ఆ గిటారు మీద కసరత్తు మొదలుపెట్టింది. వేళ్ళు పరుగెత్తాయి. తల ఊగింది. జుట్టు ముఖం మీద పడింది.

డాక్టరుగారికి ఏమీ వినపడలేదు.

ఏమీ అంటే ఏమీ! దోమ రొదంత కూడా లేదు. బిరడాల వల్లేమో అనుకోబోయారు. ఛ! బీరువా అంత స్పీకరు మోత ఇంత స్పాంజి ముక్కకి ఆగుతుందా? అయిపోయింది. ఉన్నదీ పోయింది. భార్య గొంతు గుర్తొచ్చింది. రోజూ విసుక్కున్న ఆ గొంతు ఇక వినపడదేమో!

పక్కకి చూశారు. మూడు ముఖాలూ తన ముఖం మీదే ఉన్నాయి. ఇంకేం చేస్తారు! కళ్ళు మూసుకుని, మెల్లగా తల ఊపారు.

వెంటనే మూడు తలలూ ఊగాయి.

"ఎంత గట్టిగా ఉన్నా చెవికి బరువే అనిపించట్లేదు!" అని బిరడాలతోనే అరిచాడు కార్యదర్శి.

"శబ్దం అడుగున ఒక ప్రశాంతత ఉంది, గమనించారా? సముద్రగర్భం!" అని లెక్చరరు ఇంకా గట్టిగా అరిచాడు.

కోశాధికారి మాట అవసరం లేదన్నట్టు చెయ్యెత్తాడు. నాలుగు చేతులూ లేచాయి. ఏకగ్రీవం! కార్యదర్శి అక్కడికక్కడే కొనుగోలు కాగితం మీద నలుగురి చేతా సంతకాలు పెట్టించాడు.

సరిగ్గా అప్పుడు కొట్టాయన తిరిగొచ్చి రెండో మీట వేశాడు. మేనకోడలు బిరడాలు పెట్టుకుని, మొత్తం తీగల మీద చెయ్యి వేసింది.

కొట్టు అద్దాలు గజగజలాడాయి. కోశాధికారి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. లెక్చరరు కళ్ళజోడు ఒళ్ళో పడింది. ఆ మోత డాక్టరుగారి గుండెల్లో గుద్ది, బిరడాల్ని తోసుకుని చెవిలోకి దూరింది. ఆయన ఎగిరి నిలబడ్డారు. కళ్ళమ్మట నీళ్ళు.

"వినపడింది! అమ్మాయ్, నాకు వినపడిందే!"

మేనకోడలు చెయ్యి ఆపేసింది. అందరూ బిరడాలు తీశారు.

"అధ్యక్షా," అన్నాడు కార్యదర్శి నిదానంగా, "అయితే ఇందాక మీకు వినపడలేదా?"

సంతోషంలో ఉన్న మనిషికి అబద్ధం తోచదు. "ఒక్క ముక్క వినపడితే ఒట్టు! అసలు నాకు చాలా కాలంగా సరిగ్గా వినపడట్లేదయ్యా. ఇవాళ పూర్తిగా పోయిందనే అనుకున్నాను" అనేశారు.

"ఎంత మోసం!" అన్నాడు లెక్చరరు. "మాకు శుభ్రంగా వినపడింది."

"చెవిలేని అధ్యక్షుడా!" అన్నాడు కార్యదర్శి. అత్యవసర సమావేశం నిలువుకాళ్ళ మీదే జరిగింది. డాక్టరుగారిని తొలగించారు. కార్యదర్శి అధ్యక్షుడయ్యాడు. కోశాధికారి ఆమోదించాడు.

"అంకుల్," అంది మేనకోడలు, "ఇందాక నాక్కూడా ఏం వినపడలేదు. అప్పటికి ఆంప్ ఇంకా స్టాండ్‌బైలోనే ఉంది. నేను ఊరికే వేళ్ళు సాగదీసుకుంటున్నాను."

కొట్టాయన అవునన్నట్టు తల ఊపాడు.

కొత్త అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. తీర్మానం వెనక్కి తీసుకుందామంటే కారణం చెప్పాలి. కారణం చెబితే పదవి ఊడుతుంది, పదవికి వచ్చి నిమిషం కూడా కాలేదు! "మేం ఆమోదించింది ఆ స్టాండ్‌బై టోనునే" అన్నాడు గంభీరంగా. "దాని ముందు ఇప్పటిది దిగదుడుపు. ఏదీ, ఇందాకటిలాగే పెట్టమ్మా, మరోసారి విని వెళ్తాం."

మేనకోడలు నవ్వు బిగబట్టుకుని మీట వెనక్కి వేసింది. తీగల మీద చెయ్యి ఆడించింది. ముగ్గురూ కళ్ళు మూసుకుని తలలూపసాగారు.

డాక్టరుగారు వెళ్ళి మేనకోడలి పక్కన కూచున్నారు. "ఏం వినపడట్లేదు కదే?" అని అడిగారు.

"ఏం వినపడట్లేదు మావయ్యా."

"హమ్మయ్య! నాకూ వినపడట్లేదు!" ఆయన పకపకా నవ్వారు. "రేపు చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామని మీ అత్తయ్యకి ఇప్పుడే ఫోను చెయ్యి. ఎంత పెద్ద మిషను పెట్టినా సరే. పోటీలో నువ్వు వాయించేది నేను వినాలి."

కొత్త అధ్యక్షుడు ఒక కన్ను తెరిచి విసుక్కున్నాడు.

"ఆ మాటలు ఆపండయ్యా! టోన్ వినపడట్లేదు!"