ప్రమాదం లేని గని

ప్రపంచంలోకెల్లా సురక్షితమైన గని మన దగ్గరే ఉందని గనుల శాఖ మంత్రిగారు రేడియోలో ప్రకటించినప్పుడు నేను లారీ కింద పడుకుని గ్రీజు కొడుతున్నాను. ఆ గనిలో ఇంతవరకు ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదనీ, ఇది కేవలం తన హయాంలోనే సాధ్యమైందనీ, ఇకమీదట మిగతా ప్రపంచం మనల్ని చూసి నేర్చుకోక తప్పదనీ మంత్రిగారు సెలవిచ్చారు. కొత్తవాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకుంటున్నామని కూడా అన్నారు. ఆ మాట విని ఆత్రంగా బయటికి రాబోతే లారీ చాసిస్ నా నుదుటికి తగిలి బొప్పి కట్టింది. పనిచేస్తే అలాంటి చోటే పనిచెయ్యాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. గిట్టనివాళ్లు ఆ గని గురించి ఏవేవో రాస్తున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు పాఠకులకు మనవి చేస్తున్నాను.

డంపర్ డ్రైవరుగా ఉద్యోగం వచ్చింది. మా ఆవిడ సంతోషించింది గానీ క్వార్టర్స్ ఇచ్చేదాకా తనూ పిల్లా పుట్టింట్లోనే ఉంటామంది. గనిలో అడుగుపెట్టినవాళ్లకే క్వార్టర్స్ అని కంపెనీ అంది. ఇండక్షన్ పూర్తయితే తప్ప గనిలో అడుగుపెట్టనివ్వరట. ఇండక్షన్ అంటే ఏమిటని మా మామగారు అడిగారు. కొత్తగా చేరినవాళ్లకి అక్కడి పద్ధతులు నేర్పడమని చెప్పాను. ఒక పూట పని అనుకున్నాం ఇద్దరం.

బస్సు దిగి జీపెక్కాను. కాసేపటికి ఫోనులో సిగ్నల్ పోయింది, ఆ తర్వాత చెట్లు పోయాయి, చివరికి రోడ్డు కూడా పోయింది. అక్కడ వరసగా రేకుల క్యాబిన్లు, వాటి మధ్య అద్దాల తలుపుల ఇండక్షన్ హాలు ఉన్నాయి. హాల్లో కుర్చీలకు ఇంకా ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు. వెనక షెడ్డులో డంపర్లు తళతళలాడుతున్నాయి. టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు కూడా రాలలేదు. వాహనాల్ని ఇంత అపురూపంగా చూసుకునే కంపెనీని నా సర్వీసులో చూడలేదు.

మా సేఫ్టీ ఆఫీసరు ఏ మాటైనా 'జాగ్రత్త'తోనే మొదలుపెట్టేవారు. అందుకని చాటుగా ఆయన్ని జాగ్రత్తగారు అనేవాళ్లం. ఆయన నిష్ఠ అసామాన్యమైనది. మెట్లు లేని ఆవరణలో మెట్లు దిగడం నేర్పారు. కుర్చీలో కూర్చోవడం ఒక సబ్జెక్టు, లేవడం ఇంకో సబ్జెక్టు. క్యాంటీన్ ఇండక్షన్లో వేడి టీ ప్రమాదకరమని తేలడంతో, ఆనాటి నుంచి టీ చల్లార్చి పోశారు. సైరన్ మోగితే ఎటు పరిగెత్తాలో పొద్దున నేర్పి, పరిగెత్తడం నిషేధమని సాయంత్రం నేర్పారు. సిగ్నల్ నీళ్ల ట్యాంకు మీదే దొరికేది కాబట్టి, ఎత్తులెక్కే ఇండక్షన్ పాసయ్యాకే మా ఆవిడతో మాట్లాడగలిగాను. అక్కడ తవ్వేది ఏమిటని అడిగింది. ఆ పాఠం ఇంకా రాలేదని చెప్పాను.

చిక్కల్లా ఒక్కటే. ఆఖరి ఇండక్షన్ ముగిసేలోగా మొదటిదాని సర్టిఫికెట్‌కి గడువు తీరిపోయేది. దాంతో మళ్లీ గేటు దగ్గర నిలబడే విధానం నుంచి మొదలుపెట్టేవాళ్లం. మనిషి జీవితాంతం విద్యార్థిగా ఉండాలని జాగ్రత్తగారి అభిప్రాయం.

మా బ్యాచ్‌లో ప్రొక్లెయిన్ నడిపే అక్క ఉండేది. కాలవలూ రోడ్లూ తవ్వుతూ సగం జీవితం గడిపిన మనిషి. చేతులు ఊరుకోక, అన్నం తినేటప్పుడు కూడా ముందున్న గ్లాసుల్ని లివర్లలాగా అటూ ఇటూ లాగేది. మంచాన పడ్డ అత్తగారినీ భర్తనీ ఊళ్లో వదిలి వచ్చింది. వాళ్లని తెచ్చుకోవాలంటే తనకీ క్వార్టర్స్ కావాలి. ఒకరోజు నాతో, "తమ్ముడూ, ఆ గని ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు, తర్వాత చచ్చినా ఫర్వాలేదు" అంది. అది జాగ్రత్తగారి చెవిన పడింది. ఆవరణలో చావు ప్రస్తావన రావడం ప్రమాదంతో సమానమని ఆయన తేల్చారు. బ్యాచ్ మొత్తానికి సంభాషణ మీద ప్రత్యేక ఇండక్షన్ జరిగింది.

అలా ఉండగా, గనికి భద్రతా పురస్కారం ఇవ్వడానికి మంత్రిగారే స్వయంగా వస్తున్నారని తెలిసింది. వచ్చారు. వెనకాల పీఏ, పత్రికలవాళ్లు. జాగ్రత్తగారు గేటు దగ్గర అడ్డంగా నిలబడి, ఇండక్షన్ లేకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదన్నారు. పీఏ కళ్లెర్రజేశాడు. మంత్రిగారు మాత్రం కెమెరాల వైపు తిరిగి, చట్టం ముందు తనూ మామూలు మనిషేనని చెప్పి, వచ్చి హాల్లో మా ముందు వరసలో కూర్చున్నారు. ఏసీ వేశారు, లైట్లార్పి వీడియో పెట్టారు. మంత్రిగారు వీడియో అయ్యేదాకా కదలకుండా, కళ్లు మూసుకుని, ఏకాగ్రతతో చూశారు.

తర్వాత పరీక్ష. ప్రశ్నలు నోటితోనే అడిగారు.

"జాగ్రత్తగా వినండి సార్. మీ కాళ్ల దగ్గర మంట అంటుకుంది. ముందు ఏం చేస్తారు?"

"తీవ్రంగా ఖండిస్తాను" అన్నారు మంత్రిగారు.

జాగ్రత్తగారు తల అడ్డంగా ఊపారు.

"కమిటీ వేస్తాను."

అదీ కాదన్నారు. మంత్రిగారి మొహం చిన్నబోయింది. ఆయన వెంట మమ్మల్నీ గనిలోకి పంపుతారని నేను ఆశపడుతున్నాను. ఆయన పరీక్ష తప్పితే ఆ పూట గని లేదు, గని లేకపోతే క్వార్టర్స్ లేవు. వెనక నుంచి అక్క మెల్లిగా, "పక్కకి జరుగుతానని చెప్పండి సార్" అని అందించింది. మంత్రిగారు అదే చెప్పి పాసయ్యారు. పత్రికలవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఫొటోల్లో మంత్రిగారి వెనక కార్మికులుండాలని పీఏ అన్నాడు. దాంతో గడువు తీరిన మా సర్టిఫికెట్లన్నీ ఆ పూటకి బతికే ఉన్నట్టు ప్రకటించారు. హెల్మెట్లు, బూట్లు, చేతికి తొడుగులు వేసుకుని బస్సెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుని తొడుగుల్లో వేళ్లు ముడుస్తూ తెరుస్తూ ఉంది.

బస్సు ఒక కంచె ముందు ఆగింది. గేటుకి 'అంచుకు దూరంగా ఉండండి' అని ఎర్రక్షరాల బోర్డు. లోపలికి నడిచాం. చదునైన ఎర్రనేల, అక్కడక్కడా గడ్డి. నడుమ ఒక మేక మేస్తోంది. దానికి హెల్మెట్ లేకపోవడం గమనించి జాగ్రత్తగారు మండిపడి వెంటనే బయటికి తోలించారు.

అక్క నాలుగు వైపులా చూసింది. బూటుతో నేలని ఒకసారి గట్టిగా తన్ని చూసింది.

"సార్, గని ఏదండీ?"

"జాగ్రత్తమ్మా, అంచు మీద ఉన్నారు. వెనక్కి రండి."

ఆ మాట వినగానే మంత్రిగారు గబగబా వెనక్కి జరిగారు. పీఏ ఆయనకంటే ఎక్కువ జరిగాడు. కెమెరాలు పట్టుకున్నవాళ్లూ జరిగారు. అబద్ధం ఎందుకు, నాకూ కళ్లు తిరిగినట్టయి జరిగాను. అక్క ఒక్కతే అక్కడ మిగిలింది. తన కాళ్ల కింది నేలని చూసింది, నన్ను చూసింది. నేను చెయ్యి చాపాను. బూటుతో ఇంకోసారి నేలని తట్టింది. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని, ఆచితూచి ఒక అడుగు వెనక్కి వేసింది.

"వచ్చేశాను సార్" అంది. నవ్వు ఆపుకుంటోందో ఏడుపు ఆపుకుంటోందో పోల్చుకోలేకపోయాను.

అప్పుడు మంత్రిగారు పీఏ భుజం పట్టుకుని, మెడ ముందుకు చాచి, కిందికి చాలాసేపు చూశారు. మెచ్చుకోలుగా తలాడించారు. ఇంత విజయవంతమైన గనిని ఇంతటితో ఆపడం ప్రజలకు అన్యాయం చెయ్యడమేననీ, వచ్చే ఏడు దీని లోతు రెట్టింపు చేస్తామనీ ప్రకటించారు. అందరం తొడుగుల చేతులతో చప్పట్లు కొట్టాం. చప్పుడు పెద్దగా రాలేదు.

ఆ సాయంత్రమే మాకు క్వార్టర్స్ తాళాలిచ్చారు. వారం తిరక్కుండా అక్క భర్తా అత్తగారూ పక్క ఇంట్లో దిగారు. మా ఆవిడ పిల్లని తీసుకుని వచ్చింది. కిటికీకి పరదా కడుతూ, ఇక్కణ్ణుంచి గని కనిపించదేమని అడిగింది. చూడాలంటే ఇండక్షన్ కావాలన్నాను.

"పోనీ, మీరు చూశారుగా. ఎంత లోతుంటుందండీ?"

"ఇప్పుడా, రెట్టింపు చేశాకా?" అని అడిగాను.