ముద్ర పడని చేపలు

ఆ ఉదయం విమానాశ్రయం సరుకుల ఆఫీసులో హెడ్ క్లర్కు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా తన అక్క పెట్టిన ఎగుమతి దరఖాస్తు తేల్చేయడం, ఆ తర్వాత నింపాదిగా కాఫీ తాగడం. ఎగుమతి కాగితాలన్నీ దేశమంతటా కంప్యూటర్లోకి మారే మొదటి రోజు అది. ప్రింటర్లన్నిటినీ ముందురోజే గుడ్డలు కప్పి స్టోరు గదిలో పడేశారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా గుండ్రటి ముద్ర కొట్టి కొట్టి 'ముద్రగారు' అనే పేరు తెచ్చుకున్న ఆ పెద్దమనిషికి అది చూసి కడుపు తరుక్కుపోయింది.

అక్క మేడ మీద తొట్లలో రంగు చేపలు పెంచుతుంది. ఆరేళ్ళు నానా తంటాలు పడగా ఇన్నాళ్ళకి విదేశంలో ఒకాయన నలభై పెట్టెలు పంపమన్నాడు. ప్రాణాలతో చేరితే ఏడాది పొడుగునా కొంటాడు, చేరకపోతే అంతే సంగతులు. సంచుల్లో నింపిన ఆక్సిజన్ మహా అయితే రాత్రి వరకు సరిపోతుంది. మధ్యాహ్నం రెండింటి విమానం తప్పితే చేపలూ పోతాయి, అక్క ఆరేళ్ళ కష్టమూ పోతుంది.

తొమ్మిదిన్నరకి దరఖాస్తు తెర మీదికి వచ్చింది. ముద్రగారు కళ్ళజోడు తుడుచుకునేలోపే పక్కన పచ్చ దీపం వెలిగి 'అనుమతి' అని పడింది.

"అయిపోయింది సార్," అంది కొత్త పద్ధతి నేర్పడానికి వచ్చిన కంప్యూటర్ అమ్మాయి.

"ఏంటి అయిపోయేది? నేనింకా చూడందే!"

"అన్నీ సరిగ్గా ఉంటే అదే ఇచ్చేస్తుంది సార్. మీరింక దాన్ని ముట్టుకోకండి, చాలు."

అలా చెప్పి, ప్రారంభోత్సవానికి పెద్ద తెర పెట్టాలంటూ ఆ అమ్మాయి హెడ్డాఫీసుకి వెళ్ళిపోయింది. ముట్టుకోవద్దంటే ముద్రగారి చేతులు ఊరుకుంటాయా! పైగా అది సొంత అక్క సరుకు. ముద్ర లేదు, సంతకం లేదు, చిటికెలో అనుమతి. రేపు నలుగురూ ఏమంటారు? తమ్ముడు చాటుమాటుగా తోసేశాడనరూ? ఇంతలో అక్క నుంచి ఫోను వచ్చింది. ఆఫీసు వేళల్లో చుట్టాలతో మాట్లాడితే లేనిపోని మాట వస్తుందని ఆయన ఫోనుని సొరుగులో పడేసి మూసేశారు.

తర్వాత దరఖాస్తుని పెన్‌డ్రైవులో ఎక్కించుకుని ఎదురువీధి జిరాక్సు షాపుకి పరుగెత్తారు. ప్రింటు తీయించి, ముద్ర కొట్టి, పొడుగాటి సంతకం గీకి, స్కాన్ చేయించి, ఆ షాపు కంప్యూటర్లోంచే మళ్ళీ పంపారు. హమ్మయ్య అనుకున్నారు. కానీ ఆఫీసు కంప్యూటరు దాన్ని ఇంకో కొత్త దరఖాస్తు అనుకుంది. నలభై పెట్టెలు కాస్తా ఎనభై అయ్యాయి. 'ఒకే మనిషి, ఒకే రోజు, రెండో సరుకు. తనిఖీ అవసరం' అంటూ ఎర్ర దీపం వెలిగింది.

"రెండోది కాదే తల్లీ, అదే ఇది!" అని తెరని బతిమాలారు. అది వినకపోయేసరికి ఆ ముక్కే దరఖాస్తు మీద రాసి, ముద్ర కొట్టి పంపారు. నూట ఇరవై. ఇక లాభం లేదని రద్దు కోరుతూ లేఖ రాశారు. లేఖ అన్నాక మూడు ప్రతులుండాలిగా! ఒక్కో ప్రతికీ ఒక్కో దరఖాస్తు జతచేసి మరీ పంపారు. రెండువందల నలభై.

"మీ ఆఫీసు కాగితం మానేస్తే నా బేరాలు పోతాయని తెగ దిగులుపడ్డాను సార్," అన్నాడు జిరాక్సు షాపాయన చిల్లర అందిస్తూ. "ఇలా రోజూ మానెయ్యండి."

తిరిగొచ్చేసరికి ఆఫీసు ఫోను గగ్గోలు పెడుతోంది. హెడ్డాఫీసు నుంచి డైరెక్టరు.

"శభాషయ్యా! మొదటిరోజే రెండువందల నలభై పెట్టెల చేపలా! పెద్ద తెర మీద అంకె పడగానే హాలంతా చప్పట్లే. పత్రికలవాళ్ళు రాసేసుకున్నారు కూడా."

"సార్, అసలు అవి..."

"మరీ అంత వినయం పనికిరాదు!" అంటూ ఆయన పెట్టేశాడు.

గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. తెరంతా ఎర్ర దీపాలే. కొత్తవి పైకెక్కే కొద్దీ కిందికి జారి కనబడకుండా పోయిన పచ్చ దీపం సంగతి ఆ కంగారులో ఆయనకి గుర్తే లేదు. ఉన్నపళాన సరుకుల షెడ్డుకి పరుగెత్తారు. అక్కడ అక్కా లేదు, పెట్టెలూ లేవు. నెత్తి మీదుగా విమానం రయ్యిమని వెళ్ళిపోయింది. ముద్రగారు సామాన్లు తూచే బల్ల మీద కూలబడి, "చేజేతులా మా అక్క నోట్లో మట్టి కొట్టాను," అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చారు. బల్ల పక్కన అంకె డెబ్భై ఎనిమిది దగ్గర కాసేపు ఊగి ఆగింది.

"ఒరేయ్, ఫోనెందుకు ఎత్తవురా?"

తలెత్తితే ఎదురుగా అక్క.

"అక్కా... చేపలు..."

"ఇప్పుడేగా వెళ్ళాయి, నీ నెత్తి మీంచే! అనుమతి వచ్చిందని తొమ్మిదిన్నరకే మెసేజ్ ఇచ్చారు. పదింటికల్లా పెట్టెలన్నీ లోపలికి తీసేసుకున్నారు. ఆ మాట చెబుదామనే పొద్దుట్నుంచీ చేస్తున్నా."

ముద్రగారు లేచి అక్క రెండు చేతులూ పట్టుకున్నారు. కన్నీళ్ళతోనే పకపకా నవ్వారు.

"అంత సంబరపడిపోకు," అంది అక్క. "మీరిక్కడ ఎక్కించేవన్నీ అక్కడ కొనేవాళ్ళకీ కనిపిస్తాయటగా. రెండువందల నలభై అని చూసి ఆయన ఎగిరి గంతేశాడు. మిగతా రెండువందలూ మూడు నెలల్లో పంపమన్నాడు. సరే అనేశాను."

"సరే అన్నావా! అన్ని చేపలు ఎక్కణ్ణుంచి తెస్తావే?"

"నేనెందుకు తెస్తాను? దరఖాస్తులు పెట్టింది నువ్వు."

రద్దు చేయడానికి దారేదైనా ఉందేమోనని సాయంత్రం ఆయన కంప్యూటర్ అమ్మాయిని బతిమాలారు. డైరెక్టరుగారు వేదిక మీద చదివేసిన అంకె ఇక తగ్గదని ఆ అమ్మాయి తేల్చి చెప్పింది. ఆ మర్నాటి నుంచి ముద్రగారు ఆఫీసు కాగానే అక్క మేడెక్కి తొట్లు కడుగుతున్నారు, నీళ్ళు మారుస్తున్నారు. సర్కారు లెక్క ప్రకారం ఎప్పుడో విమానం ఎక్కేసిన ఆ చేపలు ఇంకా గుడ్లలోనే ఉన్నాయి.