పారమ్మ మీద ఫిర్యాదు

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఎండ బాగా కాస్తోంది కనుక పారమ్మ నీడ నేల మీద పడటం లేదన్న సంగతి తోటవలసలో అందరికీ కనబడింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆటలో లేని మనిషికి నీడ పడదనీ, ఆ మనిషి మాట ఆటగాళ్ల చెవికి చేరదనీ నిబంధన.

ఆ ఆట తాతల నాటి నుంచి సాగుతోంది. సాయంత్రం పాలకేంద్రం దగ్గర చేతులెత్తి ఏ నిబంధన నెగ్గిస్తే మర్నాటి నుంచి ఊరు అలా నడుస్తుంది. కిందటేడు నెగ్గినదొకటి చిన్నదే: ప్రతి ఆటగాడూ పొద్దు గూకేలోగా అక్కడికి వచ్చి, ఆడుతున్నానని తన నోటితో చెప్పాలి. మొన్న ఆ వేళకి పారమ్మ గేదె ఈనుతోంది. దూడ కాళ్లు బయటపడ్డాక వదిలి ఎలా వస్తుంది? దూడ బతికింది. పారమ్మ ఆటలోంచి పోయింది.

ఆటగాళ్లు బయటివాళ్లతో కలిసి తినకూడదు. విడిగా కూర్చుంటే ఆమె భర్త తవిటినాయుడికి ముద్ద దిగలేదు. పస్తులతోనే భార్యను వెంటబెట్టుకుని తీర్పరి సన్నాసప్పడి ఇంటికి వెళ్లాడు.

"మావా, ఇది మళ్లీ ఆటలోకి వస్తానంటంది."

"అడిగింది ఆటగాడు ఇనాలి. నీకు ఇనబడిందేటి?"

"ఇనబడనేదు. పెదాలు సూస్తే తెల్దా? ఇన్నేళ్లు కాపరం సేసినాను."

"తెలిసిపోడం ఇనడం కాదురా."

"అయితే నానే ఆటలోంచి దిగిపోతాను."

"దిగిపోతే వాన కురవాలన్న నిబంధన నెగ్గడానికి ఒక సెయ్యి తక్కువైపోద్ది. ఊరిని ఎండబెడతావా?"

సన్నాసప్పడు చుట్ట వెలిగించి నిబంధనలన్నీ మనసులో తిరగేశాడు. శిక్షల దగ్గర ఆగాడు. శిక్ష ఆటగాళ్లకే పడుతుంది. కాబట్టి శిక్ష పడిన మనిషి ఆటగాడు కాకుండా ఉండే వీల్లేదు.

"దీని మీద పిర్యాదేటైనా ఉంటే సెప్పరా."

తవిటినాయుడు చాలాసేపు వెతుక్కున్నాడు.

"పులుసులో ఉప్పు ఎయ్యనేదు."

పారమ్మ చేతులు తిప్పుతూ ఏదో గట్టిగా అంది.

"ఏటంటంది?"

"ఏసానంటంది మావా. తిడతంది కూడా."

"నేరం రుజువైంది. ఈ పూటంతా నోరు మెదపకూడదు, అదే శిచ్చ. ఉత్తుత్తి పిర్యాదు సేసినందుకు నీకూ అదే."

పారమ్మ కాళ్ల దగ్గర నీడ పడింది. ఆమె దాన్ని ఒకసారి చూసుకుని కొంగు సర్దుకుంది.

కబురు పాకింది. ఆటలోంచి జారిపోయినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసం అయినవాళ్లు వచ్చి వరసలో నిలబడ్డారు. తల్లి మీద కూతురు, తమ్ముడి మీద అన్న, ఎంతో ప్రేమగా నేరాలు మోపారు. కాలు విరిగి మంచం పట్టినప్పుడు ఆటలోంచి పోయిన ముసలి గంగులుకి మాత్రం నేరం మోపడానికైనా ఎవరూ లేరు. అతను వీధిలో నిలబడి, వచ్చేపోయే ప్రతి మొహంలోకీ ఆశగా చూస్తున్నాడు.

ఇంటిదారి పట్టిన పారమ్మ ఆగింది. భర్త భుజం మీది తువ్వాలు లాగి గంగులు భుజాన వేసింది. అతని చెయ్యి పట్టుకుని తీర్పరి ఇంటి అరుగు దగ్గరికి నడిపించి, సన్నాసప్పడికి తువ్వాలు చూపించింది.

"దొంగతనం" అన్నాడు సన్నాసప్పడు, చుట్ట తీయకుండానే. "అదే శిచ్చ."

మధ్యాహ్నం ముగ్గురూ పీటలు వేసుకుని కూర్చున్నారు. గంగులు పళ్లెం ఖాళీ అయినప్పుడల్లా పారమ్మ అడగకుండానే వడ్డించింది. ఎవరూ మాట్లాడకుండా తిన్నారు.