అతుక్కోని అణుగుచ్ఛాల విజయము

భానుడు మబ్బుల మాటున ముఖం చాటేసిన వేళ, ఏసీ నీరు బకెట్లోకి బొట్టుబొట్టుగా రాలే మూడో అంతస్తు గదిలో, చక్రం ఊడిన కుర్చీయే రథంగా, టీ మరకల కీబోర్డే కోదండంగా, పరమాణు గుచ్ఛ విధాత, మృతదారుడు, మితభాషి అయిన ముద్దల మాస్టారు కదనానికి కూర్చున్నాడు.

ఆయన ప్రతిజ్ఞ చిన్నదే. పదమూడేసి అల్యూమినియం పరమాణువుల ముద్దల్ని ఇటుకల్లా పేర్చి, లోకంలో లేని ఘనపదార్థాన్ని కంప్యూటరులో కట్టాలి. ఆ ఇటుకలకు మాత్రం సిగ్గులేదు. పక్కపక్కన పెడితే చాలు, ఒకదాన్నొకటి వాటేసుకుని ఒకే ముద్దవుతాయి. అప్పుడది ఉత్త అల్యూమినియం. గిన్నెలకు పనికొస్తుంది.

అంతలో ద్వారాన విభాగాధినేత్రి ప్రత్యక్షమైంది. పోయిన ఇల్లాలికి చెల్లెలు.

"బావా, మళ్లీ అతుక్కున్నాయా?"

"నిన్న అతుక్కోలేదుగా!"

"నిన్న పరమశూన్య శీతలంలో పెట్టావు. అంత చలిలో నువ్వూ నేనూ కూడా పోట్లాడుకోం. గది వేడిలో నిలబెట్టి చూపించు. భోజనాల వేళ దాటిందా, మిషను రంగుల పరిశోధకులది. నువ్వు ఇంటికెళ్లి గోడలతో మాట్లాడుకో."

ఆ మాట శూలమై దిగింది. ఇంట్లో నిజంగా గోడలే ఉన్నాయి. అవీ బదులివ్వవు.

అంతట మాస్టారు సింహంలా లేచి, కుర్చీ వెనక్కి జారగా మళ్లీ కూలబడి, గర్జించాడు:

"ఓరీ పరమాణువుల్లారా! పక్కవాడు కనబడితే మీద పడటమేనా? ఏమే మరదలా, మీ అక్క నాతో ముప్పై ఏళ్లుంది. నాలా మారిందా? నేను మారానా? కడుపు నిండినవాడు పొరుగింటి కంచంలో చెయ్యి పెట్టడు!"

అన్నవాడు ఆగాడు. అన్న మాట తనకే ఉపాయమై తగిలింది. తక్షణమే ప్రతి ముద్ద నడిమి పరమాణువునూ గద్దె దింపి, అక్కడ కర్బనాన్ని కూర్చోబెట్టాడు. కర్బనం తన ఎలక్ట్రాన్లతో ముద్ద ఆకలి తీర్చింది. వేడి పెరిగింది. ద్వాదశ వీర పరివేష్టిత గుచ్ఛద్వయం గజగజ వణికింది, భుజం భుజం రాచుకుంది, ఊగింది, తూగింది.

అతుక్కోలేదు.

"ఎంతసేపు నిలబడ్డాయి?"

"సెకనును లక్ష కోట్ల ముక్కలు చెయ్యి. అందులో పది."

"ఇంతేనా?"

"పాతవి మూడుకే అతుక్కున్నాయి."

మరదలు తెర వంక వంగి, రెండు ముద్దల్నీ వేలితో లెక్కపెట్టింది.

"అక్క కూడా ఇలాగే, మొండిది. సరే, మిషను రేపటిదాకా ఉంచుకో."

జయము! రెప్పపాటైనా కాని ఆ మహాయుగమున రెండు ముద్దలు రెండుగానే ఉండెను. ఇంటి గోడలు ఓడెను, ఒక్క పూటకు.