గేటు దగ్గర కొలువు

లాల్‌పేట్‌లో మూతబడ్డ పాత పెంకుల ఫ్యాక్టరీని క్రియేటివ్ హబ్‌గా మారుస్తున్నట్టు మంత్రి వినాయకరావుగారు ప్రకటించారు. "నిన్నటిదాక ఇక్కడ పెంకులు కాల్చిన్రు. ఇగ ఐడియాలు కాలుస్తం!" అన్నారు. మాతృభాష కాకపోయినా, ఓట్ల కోసం నేర్చుకున్న తెలుగు ఎంత చక్కగా పలికిందో! ఉద్యోగాలన్నీ స్థానికులకేనన్న మాట కూడా ఆ ఊపులోనే వచ్చేసింది.

మల్లేశం చెవిలో అది తేనె పోసినట్టు పడింది. అదే ఫ్యాక్టరీ బట్టీ దగ్గర ఏళ్లకేళ్లు పనిచేసి, అది మూతబడ్డాక కూరగాయల మార్కెట్‌లో మూటలు మోస్తున్నాడు. మూటలు మోసేవాడికి ఆశ ఒక బరువా?

ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు బటన్ నొక్కగానే పాత భోంగా, అదే సైరన్, కూతపెట్టింది. లాల్‌పేట్‌లో భోంగా కూసిందంటే షిఫ్టు మొదలైనట్టే. పెళ్లిపీటల మీదున్నవాడైనా లేవాల్సిందే. మల్లేశం సద్దిడబ్బా పట్టుకుని ఉరికాడు. వెనకాలే పాత కార్మికులంతా ఉరికొచ్చి, అలవాటు కొద్దీ గేటు ముందు వరుసగా నిలబడ్డారు.

"అరె వా! ఎవలు తయారు చేసిన్రు ఈ ప్రోగ్రాం?" మంత్రిగారు పరవశించిపోయారు.

హబ్ డైరెక్టర్ అమిత్ ఒక్క క్షణం తెల్లమొహం వేసి, "మేమే సర్. లైవ్ ఇన్‌స్టలేషన్, అంటే బతికున్న మనుషులతో కళాప్రదర్శన" అన్నాడు. సమయస్ఫూర్తి అంటే అదీ!

మల్లేశానికి శాలువా కప్పారు.

"సారూ, లోపల మాకేం పని?"

"లోపల ఏముంది? గేటు కాడ నిలవడుడే మీ పని. రోజూ రాండ్రి!" అన్నారు మంత్రిగారు.

ఇంట్లో భార్య రుక్కమ్మ ఎదురొచ్చింది. "ఏం పని దొరికింది?"

"పనికొచ్చినట్టు నిలవడుడు."

"నా కర్మ! మార్కెట్ల మూటలు ఇడిసిపెట్టి గిదేం కొలువయ్యా?"

రోజూ గేటు దగ్గరికి జనం వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. డబ్బా మూత తీసి చూపించమంటున్నారు. జీతమేదని అడిగితే, కళాకారులకు చప్పట్లే జీతమని అమిత్ ఎంతో మర్యాదగా చెప్పాడు. ఈలోగా మార్కెట్‌లో మల్లేశం జాగాలో ఇంకొకడు చేరిపోయాడు. ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమైంది.

మల్లేశానికి ఒళ్లు మండిపోయింది. మంత్రిగారు ముంబై అతిథులను వెంటబెట్టుకుని రాగానే డబ్బా నేలకేసి కొట్టాడు.

"లోపల పని ఇయ్యాలె! లేకుంటే ఈడికెల్లి కదలం!"

కార్మికులంతా గేటుకు అడ్డంగా కూర్చున్నారు. అతిథులు ఆగకుండా చప్పట్లు కొట్టారు.

"ఆట కాదు సారూ, నిజంగనే కడుపు కాలుతున్నది!" మల్లేశం చేతులు జోడించాడు. అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాడు.

మంత్రిగారూ కళ్లొత్తుకున్నారు. ఎంతైనా మెత్తని మనసు. అమిత్ భుజం తట్టి అన్నారు:

"ఈ ఏడుపు రేపటి నుంచి రెండు షోలు పెట్టు."